ఫ్యాన్ ఎడిట్ పాఠాలు – 3వ భాగం: ఈ బొమ్మ గీసిందెవరు?

గత రెండు పాఠాల్లో ఫోన్‌లోనే డీపీ, బ్యానర్ తయారు చేయడం చూశాం. ఈసారి కొత్తగా డిజైన్ ఏమీ చేయం. మనం వాడుకుంటున్న బొమ్మ ఎవరు గీశారో కనిపెట్టడం, వాళ్ల పేరు ఊడిపోకుండా వేయడం నేర్చుకుందాం. ఫాంట్లూ రంగులూ తర్వాత. ఎడిటర్‌కి ముందు రావాల్సిన పని ఇదేనని నా గట్టి నమ్మకం.

హీరో పుట్టినరోజు ముందు రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో ఒక డిజిటల్ పెయింటింగ్ తిరుగుతుంది. దాని మీద ఏదో పేజీ లోగో, ‘హ్యాపీ బర్త్‌డే అన్నయ్యా’ అన్న అక్షరాలు ఉంటాయి. తెల్లారేసరికి అదే బొమ్మ విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లెక్సీ అయి లేస్తుంది. కింద వరుసగా అభిమానుల ఫొటోలు, పేర్లు. గీసినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అతను గుంటూరు బ్రాడీపేటలో డిగ్రీ చదువుతూ, రాత్రిళ్లు ఫోన్‌లో ఐబిస్ పెయింట్ తెరిచి వేలితో రంగులు నింపే కుర్రాడు కావచ్చు. ఫ్లెక్సీ షాపువాళ్లకు చదరపు అడుగు లెక్కన డబ్బులు ముట్టాయి. అతనికి పేరు కూడా దక్కలేదు. ఎప్పుడు చూసినా నాకు కడుపు మండుతుంది.

మనకు బొమ్మ కింద సంతకం చూసే అలవాటు లేక కాదు. చందమామ చదివిన పిల్లలు ‘వ.పా.’ అన్న రెండు అక్షరాలు చూసి వడ్డాది పాపయ్య అని గుర్తుపట్టేవాళ్లు. బాపు సంతకం సంగతి చెప్పనే అక్కర్లేదు. సినిమా పోస్టర్ల మీద ఈశ్వర్ పేరు చదివినవాళ్లు గాంధీనగర్ థియేటర్ల చుట్టుపక్కల ఇప్పటికీ ఉంటారు.

సరే, పనిలోకి వద్దాం. ముందు బొమ్మను బాగా జూమ్ చేయండి. నాలుగు మూలలూ చూశాక కాలర్ మడత, భుజం అంచు, జుట్టు చివర్లు చూడండి. మూలలో పెడితే కత్తిరించేస్తారన్న భయంతో చాలామంది ఆర్టిస్టులు సంతకాన్ని బొమ్మ లోపలే దూరుస్తారు. బ్రష్ గీతలు గరుకుగా సాగుతూ సాగుతూ ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోయి, అక్కడ మాత్రం అలికినట్టు నున్నగా ఉందా? అక్కడ పేరు చెరిపేశారేమో అని అనుమానించండి. చొక్కా జేబు కూడా చూడండి. మగవాళ్ల చొక్కాకి జేబు వేసుకున్నవాళ్ల ఎడమవైపు ఉంటుంది, అంటే ఎదురుగా చూసే మనకు కుడివైపు. బొమ్మలో మన ఎడమవైపు కనిపిస్తే, ఎవరో బొమ్మను అద్దంలోలా తిప్పేసి ఉండొచ్చు. వెతికితే దొరక్కూడదని చేసే పనుల్లో ఇదొకటి. ఫోన్ గ్యాలరీలోనే ఫ్లిప్ కొట్టి, తిప్పిన కాపీ ఒకటి సేవ్ చేసుకోండి.

ఇక వెతకడం. పేజీ లోగో, రాసిన అక్షరాలు కత్తిరించేసి ముఖం, వెనక దృశ్యం మాత్రమే ఉంచి గూగుల్ లెన్స్‌లో వేయండి. లేకపోతే లెన్స్ బొమ్మను వదిలేసి లోగోనే వెతుకుతుంది. అసలు బొమ్మ, తిప్పిన కాపీ, రెండూ వేయాలి. తర్వాత బొమ్మతో బొమ్మను వెతికే టిన్‌ఐ అనే సైట్‌లో వేసి ఫలితాలను ఒకసారి పాతవి ముందు వచ్చేలా, ఒకసారి పెద్ద సైజువి ముందు వచ్చేలా పేర్చండి. ఒక్క జాగ్రత్త: అక్కడ ‘పాతది’ అంటే ఆ సైట్ కంట ముందుగా పడినది అని మాత్రమే. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బొమ్మలు చాలావరకు దాని కంట పడవు. కాబట్టి అందరికన్నా ముందు దొరికినవాడే గీసినవాడని తేల్చేయకండి. అంచులు తెగని కాపీ ఎవరి దగ్గరుంది, అదే గీత తీరు ఉన్న వేరే బొమ్మలు ఎవరి ఖాతాలో ఉన్నాయి, స్కెచ్ దశలు ఎవరు పెట్టారు అన్నవి చూడండి. ఐబిస్ పెయింట్, ప్రోక్రియేట్ రెండూ గీస్తున్నప్పుడే వీడియో రికార్డు చేస్తాయి. ఆ టైమ్‌ల్యాప్స్ ఉన్నవాడి మాట నమ్మొచ్చు.

పేరు దొరికాక ఎలా వేయాలి? ‘క్రెడిట్స్: ఓనర్’, ‘సోర్స్: గూగుల్’ అని రాయడం పేరు వేయడం కాదు. గూగుల్ దేన్నీ గీయలేదు. ఆర్టిస్టు వాడే పేరు, ఖాతా ఐడీ కాప్షన్ మొదటి లైన్‌లోనే రాయండి. కింద రాస్తే ‘మోర్’ నొక్కినవాళ్లకే కనిపిస్తుంది. బొమ్మ సేవ్ అయి స్టేటస్‌కి ఎక్కితే కాప్షన్ రాదు కాబట్టి, బొమ్మ మీద కూడా ఉండాలి. డీపీ గుండ్రంగా కనిపిస్తుంది, మూలలు తెగిపోతాయి. అందుకని పేరు కింద మధ్యలో వేయండి. ఆర్టిస్టు సంతకం కనిపిస్తుంటే దాని మీద మీ లోగో పెట్టకండి.

పేరు వేస్తే అనుమతి వచ్చేసినట్టు కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకపోయినా సొంతంగా గీసిన బొమ్మకు రక్షణ ఉంటుంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నేను గీసిందని చెప్పుకునే హక్కు గీసినవాడికే ఉంటుందని 57వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి అడగండి. ఇలా:

“నమస్తే అన్నా. మీరు గీసిన బొమ్మ మా డీపీకీ, బెంజ్ సర్కిల్ దగ్గర పెట్టే 10 అడుగుల ఫ్లెక్సీకీ వాడుకోవాలనుకుంటున్నాం. మీకు ఓకేనా? పేరు ఎలా వేయమంటారు? ఎంత ఇవ్వాలో చెప్పండి. కుదిరితే పెద్ద సైజు ఫైల్ డాక్యుమెంట్‌గా పంపండి.”

చివరి వాక్యం మన అవసరానికే. ఇన్‌స్టాగ్రామ్ నుంచి తీసిన 1080 పిక్సెళ్ల బొమ్మను 10 అడుగుల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 9 పిక్సెళ్లే మిగులుతాయి, దగ్గరికెళ్తే హీరో కళ్లు చదరాలు చదరాలుగా కనిపిస్తాయి. అసలు ఫైల్ గీసినవాడి దగ్గరే ఉంటుంది. జవాబు రాకపోయినా, వద్దన్నా ఆ బొమ్మ వదిలేయండి.

ఈ వారం అభ్యాసం: మీ పేజీలో ఆఖరున పెట్టిన 5 బొమ్మలు తీసి పైన చెప్పినట్టు వెతకండి. పేరు దొరికినవాటి కాప్షన్ మార్చి, ఆర్టిస్టుకి మెసేజ్ పెట్టండి. దొరకనివి తీసేయండి. వచ్చే పాఠం గీసేవాళ్ల కోసం: లేయర్ల ఫైల్ దాచుకోవడం, సంతకం ఎక్కడ పెట్టాలి, బొమ్మ తీసేయమని ఫిర్యాదు ఎలా రాయాలి.