కొత్త పీసీ మొరాయిస్తోందా? వెనక్కి పంపే ముందు ఇవి చూడండి

విడిభాగాలు కొని, అన్నీ బిగించి స్విచ్ నొక్కాక పీసీ లేవకపోతే మొదట నోటికొచ్చే మాట "డిఫెక్టివ్ పీస్ అంటగట్టారు" అనే. నిజంగా పాడైనవి రావని కాదు. కానీ నా దగ్గరికి వచ్చిన పంచాయితీల్లో ఎక్కువ భాగం వేరే రకం: దేనికది మంచిదే, ఒకదానికొకటి పొసగలేదు. తప్పు బిగించేటప్పుడు కాదు, లిస్టు రాసుకునేటప్పుడే జరిగిపోయింది. ఇంకా కొనని వాళ్లయితే కారణాలు ముందు చదువుకోండి, లక్షణాలదాకా రానక్కర్లేదు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నల్లగానే ఉంది

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారు? గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు. నవ్వకండి, నేనూ చేశాను ఈ పని.

కార్డు తర్వాత కొందాంలే అనుకున్నవాళ్లకే అసలు చిక్కు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600లో లేదు, 5600జీలో ఉంది. 7600లో ఉంది, 7500ఎఫ్‌లో లేదు. ఆ ఒక్క అక్షరం చూసుకోకపోతే కార్డు వచ్చేదాకా చీకటే.

కార్డు ఉండీ బొమ్మ రాకపోతే బోర్డు అంచున సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ అని నాలుగు బుల్లి లైట్లు ఉన్నాయేమో వెతకండి. ఏ లైటు దగ్గర ఆగిపోయిందో గొడవ అక్కడే. సీపీయూ దగ్గర ఆగితే ముందు బోర్డు పైమూలన 8 పిన్నుల పవర్ కేబుల్ పెట్టారో లేదో చూడండి. పెట్టే ఉంటే అనుమానం బయోస్ మీదికి, అంటే పీసీని నిద్రలేపే బోర్డులోని సాఫ్ట్‌వేర్ మీదికి పోవాలి. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఒకటే అయితే సరిపోదు. పాత బయోస్‌తో ఉన్న ఏఎండీ బీ450 బోర్డు రైజెన్ 5000ని గుర్తుపట్టదు. ఇంటెల్ 600 సిరీస్ బోర్డులకు 13వ తరం ప్రాసెసర్‌తో ఇదే తంటా. ఎంచుకునేటప్పుడే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకుంటే పెన్‌డ్రైవ్‌తోనే అప్‌డేట్ చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైలు పేరు మాన్యువల్లో ఉన్నట్టు మార్చాలి.

డీర్యామ్ లైటు వెలుగుతోంది, బోర్డేమో ఏఎం5 (రైజెన్ 7000 సిరీస్ కూర్చునే ఏఎండీ సాకెట్). అలాంటప్పుడు స్విచ్ మీంచి చెయ్యి తీసేయండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కంగారుపడి మధ్యలో ఆపితే కథ మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలు గడియారం చూసి మరీ ఆగండి.

ర్యామ్ దిగడం లేదు, లేదా వేగం తక్కువ చూపిస్తోంది

దిగకపోతే బలవంతం చేయొద్దు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ బోర్డులు రెండు రకాల్లోనూ వచ్చాయి కాబట్టి పేరు మొత్తం చదివే కొనాలి. ఏఎం5లో డీడీఆర్5 ఒక్కటే.

6000 వేగం అని కొన్నది 4800 అని చూపిస్తే మోసమేమీ కాదు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయండి, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగులవి. నాలుగు స్లాట్లుంటే రెండు స్టిక్కులూ సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. 32 జీబీ కావాలంటే 16వి రెండు కొనండి, 8వి నాలుగు వద్దు. నాలుగూ నింపితే డీడీఆర్5 తరచూ వేగం తగ్గించుకుంటుంది.

మామూలుగా బాగుంటుంది, గేమ్ మొదలవగానే టక్కున ఆరిపోతుంది

ముందు ఉష్ణోగ్రత చూడండి. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించినవాళ్లున్నారు. రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95 డిగ్రీలు వాళ్లు పెట్టిన హద్దే. అక్కడికి చేరితే వేగం తగ్గించుకుంటుంది తప్ప మామూలుగా ఆరిపోదు.

వేడి లేకుండా ఆరిపోతోందంటే నా వేలు పవర్ సప్లై వైపే. గ్రాఫిక్స్ కార్డు సగటున లాగేది ఒకటి, లిప్తకాలం ఎగిరి లాగేది ఇంకొకటి. ఆ ఎగురుడుకి రక్షణ సర్క్యూట్ తెగ్గొట్టేస్తుంది. 80 ప్లస్ గోల్డ్ ఉంది కదా అంటారు. అది కరెంటు ఎంత వృథా అవుతోందో చెప్పే ముద్ర, నాణ్యతకు హామీ కాదు. కార్డు తయారీదారు సూచించిన వాటేజీ కంటే కిందికి దిగొద్దు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణాన్ని ఇలాంటి ఎగురుళ్లను దృష్టిలో పెట్టుకునే రాశారు. కార్డుకు రెండు 8 పిన్ సాకెట్లుంటే రెండు విడి కేబుళ్లు వేయండి.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. పవర్ సప్లై మార్చినప్పుడు పాతదాని మాడ్యులర్ (ఊడదీసి పెట్టగలిగే) కేబుళ్లు కొత్తదానికి పెట్టొద్దు. సరిగ్గా దిగినా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండొచ్చు, డ్రైవ్ కాలిపోతుంది.

కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టాక పాత డ్రైవ్ మాయం

ఇది నా సొంత గోడు. ఎం.2 ఎస్‌ఎస్‌డీ (నేరుగా బోర్డులోనే దిగే బుల్లి డ్రైవ్) పెట్టిన రోజే సాటా కేబుల్‌తో తగిలించిన హార్డ్ డిస్కు కనబడకుండా పోయింది. రెండు కేబుళ్లు మార్చాను. డిస్కు చెవికి ఆనించి విన్నాను, హాయిగా తిరుగుతోంది. సాయంత్రానికి మాన్యువల్ తిరగేస్తే, ఒక పట్టిక కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: ఈ ఎం.2 స్లాట్ వాడితే సాటా 5, 6 పోర్టులు పనిచేయవు. కేబుల్ పీకి 2లో పెట్టాను, వచ్చేసింది. ఇప్పుడు బోర్డు కొనకముందే మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి ఆ పట్టికే ముందు చూస్తాను.

సైడ్ ప్యానెల్ మూతపడటం లేదు

కూలర్ ఎత్తు 160 మిల్లీమీటర్లు, క్యాబినెట్ ఒప్పేది 155. దీనికి మందు లేదు, రెండింట్లో ఒకటి మార్చాల్సిందే. కార్డు పొడవు కూడా ఇలాగే చూసుకోండి, ముందువైపు లిక్విడ్ కూలర్ రేడియేటర్ పెట్టే ఆలోచన ఉంటే దాని మందం తీసేసి లెక్కేయండి.