డౌన్‌హిల్ బైకు బరువు తగ్గించాలంటే ఎక్కడ కొయ్యాలి, ఎక్కడ ముట్టుకోకూడదు

డౌన్‌హిల్ బైకు, అంటే కొండ మీంచి వేగంగా దిగడానికే చేసిన సైకిలు, కొన్న కొన్నాళ్లకి అందరికీ ఒకటే పురుగు కుడుతుంది, "ఇంత బరువేంట్రా బాబూ, ఎలాగైనా రెండు కేజీలు దించాలి" అని. అల్లాయ్ ఫ్రేము, 29 అంగుళాల చక్రాలు, 200 ఎంఎం ట్రావెల్ (సస్పెన్షన్ కుంగే దూరం), డబుల్ క్రౌన్ ఫోర్కు (హ్యాండిల్ మెడని పైనా కిందా రెండు చోట్ల పట్టుకునే ముందు సస్పెన్షన్) ఉన్న బైకు షాపులోంచి వచ్చినప్పుడు మామూలుగా 17, 18 కేజీల మధ్య తూగుతుంది. దాన్ని 16, 16న్నర దాకా తేవచ్చు, గట్టిదనం ఏమీ పోకుండా. 15 కిందకి తెస్తా అని పంతం పడితే మాత్రం ఏదో ఒక రాయి దగ్గర ఆ లెక్క తేలిపోతుంది.

అమెరికన్ డౌన్‌హిల్ రేసర్ ఆరన్ గ్విన్ రన్నులు రెండు చెప్తా, చాలామంది చూసే ఉంటారు. ఆస్ట్రియాలో లియోగాంగ్ వరల్డ్ కప్, 2014. వెనక టైరు పోయింది, ఉత్త రిమ్ము మీదే కింద దాకా దిగాడు, చూడ్డానికి అదిరిపోయింది గానీ రేసు పోయింది. తర్వాతి ఏడాది 2015లో మళ్లీ అదే లియోగాంగ్, ఈసారి స్టార్ట్ గేటు దగ్గరే చైన్ తెగింది, అయినా చైన్ లేకుండానే దిగి గెలిచాడు. బైకు కట్టేటప్పుడు నాకు ఇంతకంటే మంచి పాఠం ఇంకోటి కనపడలేదు, చైన్ పోయినా గెలవొచ్చు గానీ టైరు పోతే కథ ముగిసినట్టే. కాబట్టి గ్రాములు కొయ్యాల్సింది డ్రైవ్‌ట్రెయిన్ (చైన్, గేర్లు), సీటు, స్ప్రింగు వైపు. టైర్లు, రిమ్ములు, బ్రేకులు అలాగే బరువుగా ఉండనివ్వండి.

ముందు వంటింట్లో ఉండే డిజిటల్ కాటా తీసుకుని విప్పిన ప్రతి పార్టూ తూచి ఫోన్లో రాసుకోండి. కంపెనీవాళ్లు వెబ్‌సైట్లో వేసే బరువుని నమ్ముకోవద్దు, బోల్టులు లేకుండానో, చిన్న సైజుదో తూచి వేస్తారు. ఈ లిస్టు పక్కనే ఒక్కో గ్రాముకి ఎంత ఖర్చవుతుందో కూడా రాసుకుంటే సగం కోరికలు అక్కడే చచ్చిపోతాయి.

మొదటి దెబ్బ క్యాసెట్ (వెనక చక్రం మీద ఉండే గేర్ల పళ్ల చక్రాల గుత్తి) మీద వెయ్యండి. ట్రయల్ బైకు (కొండ ఎక్కడానికీ దిగడానికీ వాడే సైకిలు) లోంచి పార్టులు తెచ్చి కట్టుకున్నవాళ్లకి వెనక 11-50 (చిన్న గేరుకి 11 పళ్లు, పెద్దదానికి 50) క్యాసెట్ ఉంటుంది, స్రామ్ ఎన్‌ఎక్స్ లాంటిదైతే అదొక్కటే 600 గ్రాములు దాటుతుంది, కొండ దిగడానికి 50 పళ్ల చక్రం దేనికండీ అసలు. హబ్ మీద మామూలు షిమానో హెచ్‌జీ ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) ఉంటే 10 స్పీడ్ రోడ్ క్యాసెట్, 11-25 గానీ 11-28 గానీ, నేరుగా ఎక్కుతుంది, బరువు పాత దాంట్లో సగం కూడా ఉండదు, ధర కూడా తక్కువే. ఒక్క జాగ్రత్త, 11 స్పీడ్ రోడ్ క్యాసెట్లు ఎక్కువ భాగం ఈ ఫ్రీహబ్ మీద పట్టవు, అవి కొంచెం వెడల్పు, అందుకే 10 స్పీడే అడగండి. షిమానో సెయింట్ లేదా జీ షార్ట్ కేజ్ డిరైలర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపే భాగం), 10 స్పీడ్ షిఫ్టర్ దీనికి సరిగ్గా సరిపోతాయి, సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. స్రామ్ వైపు ఉన్నవాళ్లకి 7 స్పీడ్ డీహెచ్ (డౌన్‌హిల్) సెట్లు ఉన్నాయి. చైన్ కూడా దానికి తగ్గట్టు పొట్టిగా కత్తిరిస్తాం కాబట్టి అక్కడా కొంచెం పోతుంది.

దీంట్లో బరువు కంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. క్యాసెట్, డిరైలర్ రెండూ చక్రంతో పాటు పైకీ కిందకీ ఎగిరే బరువు, సస్పెన్షన్ మొయ్యని బరువు, అది తగ్గితే బ్రేకింగ్ బంప్స్ (అందరూ బ్రేకు వేసే చోట పడే గతుకులు) మీద వెనక చక్రం నేలకి అతుక్కుని ఉంటుంది. ఫ్రేము మీద 300 గ్రాములు తగ్గిస్తే తెలియదు, ఇక్కడ తగ్గిస్తే మొదటి రన్‌లోనే తెలుస్తుంది. అలాగని చైన్ జారకుండా పట్టే చైన్ గైడు, కింద ఉండే బ్యాష్ గార్డు తీసెయ్యకండి, నారో-వైడ్ చైన్‌రింగ్ (చైన్ పట్టేలా ఒక పన్ను సన్నం, ఒకటి వెడల్పు ఉండే ముందు పళ్ల చక్రం) ఉంది కదా అని గైడు పీకేసినవాళ్ల చైన్లు రాక్ గార్డెన్ మధ్యలో ఎగిరిపోవడం మామూలే. అందరూ గ్విన్ కాదు.

డ్రాపర్ పోస్టు (లివరు నొక్కితే సీటు దిగే పోస్టు) ఉంటే తీసెయ్యండి, అదీ దాని కేబులూ లివరూ కలిపి అర కేజీ పైనే, దాని జాగాలో పొట్టి అల్లాయ్ పోస్టు వేసి సీటు కిందకి దించి వదిలేస్తే చాలు. పోస్టుని కత్తిరించుకోవచ్చు గానీ మినిమమ్ ఇన్సర్ట్ గీత దాటకుండా, ఫ్రేములోకి దిగాల్సినంత దిగాలి, లేకపోతే సీట్ ట్యూబు దగ్గర ఫ్రేము పగులుతుంది. సీటు తేలికది కొనండి గానీ కార్బన్ రెయిల్స్ వద్దు, పడ్డప్పుడు ముందు విరిగేవి అవే.

ఇక షాక్ సంగతి, దీని మీదే జనం ఎక్కువ కొట్టుకుంటారు. కాయిల్ (స్ప్రింగు) షాక్ నుంచి ఎయిర్ (గాలి) షాక్‌కి మారితే దాదాపు 300 నుంచి 500 గ్రాములు తగ్గుతుంది, కాటా మీద చాలా బాగుంటుంది. కానీ కెనడాలోని విస్లర్ బైక్ పార్కు లాంటి చోట, పైనుంచి కింద దాకా ఆగకుండా దిగితే ఎయిర్ షాక్ వేడెక్కి రీబౌండ్ (కుంగిన షాక్ తిరిగి లేచే వేగం) మారిపోతుంది, చేతులు అలిసిపోయిన చివరి భాగంలోనే బైకు కూడా మొండికేస్తుంది. నేనైతే కాయిలే ఉంచి స్ప్రింగు మాత్రం మారుస్తా. తేలికరకం స్టీల్ స్ప్రింగులు వస్తున్నాయి, ఫాక్స్ ఎస్‌ఎల్‌ఎస్ లాంటివి, మామూలు స్టీలు కంటే, స్ప్రింగు గట్టిదనాన్ని బట్టి, 100 నుంచి 200 గ్రాములు తక్కువ, టైటానియం స్ప్రింగుకి దగ్గర్లో ఉంటాయి, ధర అంత మండదు. మీ రన్నులు రెండు మూడు నిమిషాలే అయితే, జంపులే ఎక్కువైతే, ఎయిర్ వేసుకోండి, నేను అడ్డు చెప్పను.

హ్యాండిల్ బార్ కార్బన్‌ది వేస్తే అల్లాయ్ కంటే ఓ 80-100 గ్రాములు తగ్గుతుంది, చేతులకి వైబ్రేషన్ కూడా కొంచెం తగ్గుతుంది. డౌన్‌హిల్‌కి పనికొచ్చే బారే కొనండి, క్రాస్ కంట్రీది కాదు. బోల్టులు టార్క్ రెంచ్‌తోనే, సాధారణంగా 5, 6 న్యూటన్ మీటర్లు, స్టెమ్ మీద రాసి ఉంటుంది చూసుకోండి. బ్రేక్ లివర్ క్లాంపులు గట్టిగా బిగించకుండా, పడ్డప్పుడు లివరు తిరిగేలా కాస్త వదులుగా ఉంచండి, దాంతో బారూ బతుకుతుంది లివరూ బతుకుతుంది. పెద్దగా పడి బారు మీద గీత పడితే మాత్రం ఆలోచించకుండా మార్చెయ్యండి. ఈ కండిషన్ మీ జేబుకి ఒప్పకపోతే అల్లాయ్ బారే హాయి. పెడల్స్‌కి నైలాన్‌వి బెస్ట్, లోహం వాటికంటే తేలిక, చవక, రాయికి తగిలినప్పుడు పట్టుకోకుండా జారిపోతాయి.

టైర్ల దగ్గరికి వద్దాం, ఇక్కడే చాలామంది చెయ్యి జారేది. మాక్సిస్ అసెగై 29 అంగుళాలది డీహెచ్ కేసింగ్‌లో (టైరు గోడలు బాగా మందంగా ఉండే రకం) 1300 గ్రాములు దాటుతుంది, దాన్నే పలచటి ఎక్సో ప్లస్ కేసింగ్‌లో తీసుకుంటే రెండు చక్రాలకి కలిపి చాలా తగ్గుతుంది, ఇంత సులువుగా బరువు తగ్గేది బైకులో ఇంకెక్కడా లేదు, అందుకే ఆశ పుడుతుంది. వెనక టైరు విషయంలో ఆ ఆశ చంపుకోండి. వెనక డీహెచ్ కేసింగే. ముందు చక్రానికి మీ ట్రయల్‌లో పదునైన రాళ్లు తక్కువైతే డబుల్‌డౌన్ లాంటి మధ్యరకం సరిపోతుంది. ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్ చెయ్యండి, డీహెచ్ ట్యూబు ఒక్కోటి 400 గ్రాముల దాకా ఉంటుంది, దాని బదులు 100-120 ఎంఎల్ సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పడుతుంది అంతే. మిగిల్చిన దాంట్లోంచి కొంత వెనక్కి ఇచ్చేసి వెనక చక్రంలో ఇన్సర్ట్ (టైరు లోపల పెట్టే నురుగు రింగు) వెయ్యమని నా సలహా, కుష్‌కోర్ ప్రో 29 అంగుళాలది సుమారు 260 గ్రాములు. బరువు తగ్గించే బైకులో బరువు పెట్టమంటాడేంటి వీడు అనిపిస్తుంది, కానీ రిమ్ము సొట్ట పడి సెలవు రోజంతా లిఫ్టు కింద కూర్చోవడం కంటే నయం. 75 కేజీల మనిషికి గాలి ముందు 22-24, వెనక 25-27 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి.

రిమ్ము అల్యూమినియం, 32 స్పోకులు, వెనక డీటీ స్విస్ ఈఎక్స్ 511 తరహాది. సొట్ట పడినా ప్లయర్‌తో వంచి సాయంత్రం దాకా లాగించొచ్చు, కార్బన్ రిమ్ము పగిలిందంటే ఇక అంతే. హైదరాబాద్ నుంచి మనాలి దాకా బైకు మోసుకెళ్లేవాళ్లు ఇది ఇంకా గట్టిగా పట్టించుకోవాలి, అక్కడి షాపులో మీ సైజు రిమ్ము, డీహెచ్ టైరు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. స్పోకులు మధ్యలో సన్నబడే బటెడ్ రకం తీసుకోండి, తేలికే కాదు, కాస్త సాగుతాయి కాబట్టి మెడ దగ్గర తెగడం తక్కువ. నిపుల్స్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) ఇత్తడివే. అల్యూమినియం నిపుల్స్‌తో చక్రానికి 20 గ్రాములు మిగులుతాయి, సీలెంట్ కారితే అవే తుప్పు పట్టి చితికిపోతాయి. ఫ్రేము ఒప్పుకుంటే వెనక 27.5 చక్రం వేసి మల్లెట్ (ముందు పెద్ద చక్రం, వెనక చిన్నది) చెయ్యడం ఇంకో దారి, రేసుల్లో కూడా 2019 నుంచి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) ఒప్పుకుంది, రిమ్ము, టైరు, స్పోకులు అన్నీ చిన్నవవుతాయి కాబట్టి బరువు తగ్గుతుంది, చక్రం ఇంకా గట్టిపడుతుంది. గట్టిదనం పెరుగుతూ బరువు తగ్గే చోటు ఇదొక్కటే అనుకుంటా.

బ్రేకులు నాలుగు పిస్టన్లవి, రోటర్లు 200 గానీ 220 గానీ, మందంగా ఉన్నవి. సన్నటి రోటరు వేసి మిగిల్చే గ్రాములు, అది వేడెక్కి బ్రేకు లివరు బారు దాకా వచ్చిన రోజు గుర్తొస్తాయి.

టైటానియం బోల్టుల పిచ్చి గురించి ఒక మాట, బైకంతా మార్చినా తగ్గేది కొన్ని పదుల గ్రాములు, డబ్బులు మాత్రం ఒక మంచి టైర్ల జత ఖర్చు. సరదాకి మార్చుకుంటే గ్రీజు బదులు యాంటీ సీజ్ (బోల్టు పట్టెయ్యకుండా పూసే పేస్టు) పూయండి. అల్యూమినియం బోల్టులు స్టెమ్‌కీ బ్రేక్ క్యాలిపర్‌కీ ఛస్తే వాడకండి. డౌన్ ట్యూబు కింద రబ్బరు గార్డు కూడా పీకకండి, కార్బన్ ఫ్రేమైతే మరీను. అసలు వాన పడ్డ రోజు విస్లర్‌లో బైకుకి పట్టే మట్టే కేజీ ఉంటుంది, దాని ముందు ఈ గార్డు ఎంత. ఇంకో విచిత్రం, ఈమధ్య కొందరు వరల్డ్ కప్ రైడర్లు బైకు నిలకడ కోసం బీబీ (పెడల్ క్రాంకులు తిరిగే ఇరుసు) దగ్గర కావాలనే బరువు ముక్కలు తగిలిస్తున్నారు.

అంతా కట్టాక సాగ్ (మీరు ఎక్కగానే సస్పెన్షన్ ఎంత కుంగుతుందో) మళ్లీ చూసుకోండి, వెనక 30 శాతం దగ్గర, ముందు 15-20 మధ్య. చక్రం తేలికైంది కాబట్టి రీబౌండ్ ఒకటి రెండు క్లిక్కులు అటూ ఇటూ చేసి చూడండి. మొదటి రోజు రెండు మూడు రన్నులు దిగగానే పివట్ బోల్టులు, స్టెమ్, యాక్సిళ్లు, స్పోకుల టెన్షన్ ఒకసారి చూడండి, కొత్త చక్రం మొదట్లో కాస్త సద్దుకుంటుంది. బ్యాగులో డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేముకి పట్టించే ముక్క) ఒకటి స్పేర్ పడెయ్యండి, మీ ఫ్రేముదే, వేరేదానిది పట్టదు.