తెలుగులో స్ట్రూప్ ప్రయోగం: మాటల ఎంపిక నుంచి లెక్కల దాకా

సైకాలజీ డిసర్టేషన్‌కి స్ట్రూప్ ప్రయోగం మంచి ఎంపిక. ఒక లాప్‌టాప్, నిశ్శబ్దంగా ఉండే గది ఉంటే చాలు. “ఎరుపు” అన్న మాటను నల్లరంగులో చూపించి, అక్షరాల రంగేమిటో చెప్పమంటారు. చదవడం అలవాటైన మెదడు మాటనే ముందు అందుకుంటుంది, జవాబు ఆలస్యమవుతుంది. 1935లో అమెరికన్ సైకాలజిస్టు స్ట్రూప్ వంద రంగు గళ్ల పేర్లు చెప్పించినప్పుడు సగటున 63 సెకన్లు పట్టింది. రంగు ఒకటి, మాట ఒకటి అయిన వంద పదాలకు 110 పట్టింది.

ఇంగ్లీషు పదాలను ఉన్నవున్నట్టు తెలుగు చేసుకుంటే మాత్రం పని చెడుతుంది. ముందు చిక్కు “పచ్చ”తోనే. పచ్చకామెర్లలో అది పసుపు, పచ్చగడ్డిలో ఆకు రంగు. పోనీ “ఆకుపచ్చ” అని రాస్తే నాలుగక్షరాలు, “నీలం” రెండే. పొడుగు మాట చదవడానికి పట్టే సమయం మీ ఫలితంలో కలిసిపోతుంది. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు తీసుకోండి. నాలుగూ మూడేసి అక్షరాలు, ఒత్తులు లేవు. తెర బూడిద రంగులో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు 0–255 లెక్కలో 128, 128, 128) ఉండాలి, లేకపోతే నలుపో తెలుపో కనిపించదు. పసుపును కొంచెం ముదురుగా (255, 200, 0) పెడితే తెలుపుతో పొరబడరు.

ఇలాంటి ప్రయోగాలు తయారుచేయడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ సైకోపైలో చేయొచ్చు. తెలుగు గుణింతాలు తెరమీద విడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మాటలను టైప్ చేయకుండా పీఎన్‌జీ బొమ్మలుగా తయారుచేసి పెట్టండి. మాట, రంగు ఒకటే అయ్యే జతలు 4, వేరయ్యేవి 12. మొదటివి 12 సార్లు, రెండోవి 4 సార్లు చూపిస్తే చెరి 48, మొత్తం 96. ముందు అర సెకను ప్లస్ గుర్తు, తర్వాత మాట, జవాబు కోసం గరిష్ఠంగా 2 సెకన్లు, ఒక సెకను విరామం. డి, ఎఫ్, జె, కె మీటల మీద రంగు స్టిక్కర్లు అంటించి, 24 సార్లు సాధన చేయించండి. సాధన తక్కువైతే మనిషి కీబోర్డు వంకే చూస్తుంటాడు. అప్పుడు మీరు కొలిచేది వేళ్ల వెతుకులాటే. ఛార్జర్ పెట్టే ఉంచండి, వైఫై ఆపండి. బ్యాటరీ పొదుపులో ఉన్న తెర ఆలస్యం చేస్తుంది. 60 హెర్ట్జ్ తెరలో (సెకనుకు 60 ఫ్రేములు) ఒక్క ఫ్రేము తప్పినా 16.7 మిల్లీసెకన్లు పోతాయి.

ఇక మనుషులు. విశాఖ కాలేజీల్లో తెలుగు మాట్లాడుతూ, చదవడం మాత్రం కూడబలుక్కునేవాళ్లు తగులుతారు. ఒడియా, హిందీ ఇంటిభాషగా ఉన్నవాళ్లూ ఉంటారు. చదవడమే ఆలోచన లేకుండా జరగకపోతే తడబాటు తగ్గుతుంది, ప్రయోగం విఫలమైనట్టు కనిపిస్తుంది. దినపత్రికలో ఒక పేరా పైకి చదివించి సెకన్లు రాసుకోండి. ఇషిహారా పలకలతో (రంగు చుక్కల్లో అంకెలు దాగుండే బొమ్మలు) రంగుల చూపు కూడా చూడండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చాకే మొదలుపెట్టాలి. 18 నిండని ఇంటర్ విద్యార్థులైతే వాళ్ల ఒప్పుకోలుతోపాటు తల్లిదండ్రుల సంతకం కావాలి. పేర్ల బదులు కోడ్ నంబర్లు వాడండి.

ఒకే గుంపులో, మధ్యస్థమైన తేడా (ప్రామాణిక విచలనంలో సగం, అంటే 0.5) కోసం 80 శాతం పవర్‌తో (ఉన్న తేడా బయటపడే అవకాశం) 34 మంది సరిపోతారు, 40 మందిని పిలవండి. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం పోలుస్తానంటే అంతే తేడాకి గుంపుకి 64 మంది, అంటే 128 మంది కావాలి. రెండు గుంపులకూ ఇరవయ్యేసి మందితో సరిపెట్టి, “తేడా లేదు” అని రాయడం పెద్ద పొరపాటు. అంత చిన్న గుంపుల్లో ఉన్న తేడా కూడా బయటపడకపోవచ్చు.

లెక్కలప్పుడు తప్పు జవాబులు, 200 మిల్లీసెకన్లకన్నా ముందే నొక్కినవి తీసేయండి. ఎన్ని తీశారో రాయండి. ఒక్కొక్కరికీ రెండు సగటులు (మాట, రంగు ఒకటైనప్పుడు ఒకటి, వేరైనప్పుడు ఒకటి) కట్టాకే పెయిర్డ్ టీ-టెస్ట్, అంటే అదే మనుషుల రెండు సగటులనూ పోల్చే పరీక్ష. 40 మంది 96 జవాబులనూ 3,840 వరసలుగా నేరుగా పెడితే, ఒకే మనిషి జవాబులు వేర్వేరు మనుషులవిగా లెక్కలోకొచ్చి పీ-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) అబద్ధమవుతుంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదట పట్టుకునేది దాన్నే.