స్నేహితుల మధ్య అప్పటికప్పుడు కనికట్టు: చేయదలిస్తే ఎలా చేయాలి

తిరుపతిలో సాయంత్రం పూట టీ అంగడి ముందు నలుగురు స్నేహితులు నిలబడ్డప్పుడు, వారిలో ఒకడికి కనికట్టు తెలుసన్న సంగతి ఒక్కసారి బయటపడితే చాలు, ఆ రోజు నుంచి "మచ్చా, ఒకటి చేసి చూపీ" అన్న మాట అతడిని విడిచిపెట్టదు. అడిగినప్పుడల్లా చేయాలా, అసలు చేయకూడదా అన్న సందేహం కొత్తగా నేర్చుకుంటున్న ప్రతివారికీ కలుగుతుంది. చేయవచ్చుననే నా అభిప్రాయం. అయితే వారు అడిగినప్పుడే చేయాలి, ఒక్కటే చేయాలి, ఇంట్లో బాగా సాధన చేసినదే చేయాలి.

అడగకముందే జేబులోంచి పేక కట్ట తీసేవాడిని స్నేహితులు రెండు వారాలు భరిస్తారు, మూడో వారం తప్పించుకు తిరుగుతారు. దీనికి కారణం మన ఊరి గంగ జాతరను చూసినవారికి సులభంగా అర్థమవుతుంది. జాతరలో బైరాగి వేషమో బండ వేషమో వేసుకున్నవాడు ఎదురుపడి ఎంత మాటన్నా ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే అంటున్నది వేషమని అందరికీ తెలుసు. వేదిక మీది ఇంద్రజాలికుడికి కూడా అటువంటి రక్షణే ఉంటుంది. తనను మోసం చేయమని ప్రేక్షకుడే టికెట్టు కొనుక్కుని వస్తాడు. స్నేహితుల మధ్య నిలబడ్డ మీకు ఆ వేషం లేదు కనుక, వారిని బోల్తా కొట్టించినప్పుడు ఆ పని కళాకారుడు చేసినట్టు కాక, స్నేహితుడు చేసినట్టే వారికి తోస్తుంది. అందువల్ల ఓడిపోయామన్న భావం వారికి కలిగే ట్రిక్కులను, ముఖ్యంగా పందెం కాసేవాటిని, పూర్తిగా మానుకోండి.

అప్పటికప్పుడు చేసినట్టు కనిపించే పనికి నిజానికి ఎక్కువ సిద్ధపాటు కావాలి. మూడు ట్రిక్కులను ఎంచుకుని, ఎదుటివారితో మాట్లాడుతూ కూడా చేయి తడబడనంత వరకు సాధన చేయండి. వస్తువులు అక్కడ దొరికేవే అయి ఉండాలి. పేక ముక్కలకు మన ప్రాంతంలో జూదం వాసన కొంత అంటుకునే ఉంది కాబట్టి, పెద్దలున్న ఇళ్ళలో వాటిని బయటికి తీయకపోవడమే మర్యాద.

మొదట నేర్చుకోవడానికి రబ్బరు బ్యాండు ట్రిక్కును సూచిస్తాను. బ్యాండును చూపుడు వేలికీ, నడిమి వేలికీ కలిపి వాటి మొదళ్ళ దగ్గర తగిలించి, చేతి వెనుక భాగం స్నేహితుడి వైపు ఉండేట్టు పట్టుకోండి. అది మామూలు బ్యాండేనని చూపించే నెపంతో, అరచేతి వైపు ఉన్న పోగును రెండో చేత్తో లాగి సాగదీయండి. సాగిన ఆ ఖాళీలోకి నాలుగు వేళ్ళ కొనలనూ దూర్చి పిడికిలి ముడిచి, బ్యాండును వదలండి. ఎదుటివారికి అది రెండు వేళ్ళకే ఉన్నట్టు కనిపిస్తుంది. వేళ్ళు చాచగానే బ్యాండు ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ దానంతట అదే దూకుతుంది. బొటనవేలి వైపు ఎవరైనా నిలబడి ఉంటే మాత్రం గుట్టు బయటపడుతుంది. ముందు వారి స్థానం మార్చండి, లేదా మీరే తిరిగి నిలబడండి. టిఫిన్ పార్సిలు విప్పుతున్నవారి చేతిలోంచి బ్యాండును అడిగి తీసుకుంటే, మీరు ఏదో సిద్ధం చేసుకొచ్చారన్న అనుమానమే రాదు.

బిళ్ళలతో చేయదలిస్తే పది రూపాయల బిళ్ళ మంచిది. 27 మిల్లీమీటర్ల వెడల్పు ఉండడం వల్ల అరచేతి కండ మధ్య చక్కగా నిలుస్తుంది. (చాలా అంగళ్ళలో దాన్ని తీసుకోకపోవడం వల్ల అందరి జేబుల్లోనూ అదే మిగిలి ఉంటుంది, అది చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించినా వినేవారు తక్కువ.) స్టీలు గ్లాసుల పక్కన మాత్రం జాగ్రత్త వహించండి, ఎందుకంటే అరచేతిలో దాచిన బిళ్ళ ఆ గ్లాసులో అద్దంలో లాగా కనబడుతుంది. బల్ల ముందు కూర్చున్నప్పుడు ఒడిలోకి జార్చే పద్ధతి, నేల మీద పంక్తిలో కూర్చుంటే పనికిరాదు. ఎండాకాలంలో చేతి చెమట మరో ఇబ్బంది. కొద్ది తడి పట్టుకు సాయం చేస్తుంది గాని, ఎక్కువైతే బిళ్ళ జారుతుంది.

ఒక పొరపాటు నేను చేసినది చెబుతాను. స్నేహితుడి ఇంట్లో వాళ్ళమ్మగారిని ఒక బిళ్ళ అడిగి మాయం చేశాను. ఆమె ముఖం మారిపోయింది. అది కొండకు చేర్చడానికి కట్టిన ముడుపులోని బిళ్ళ అని తరువాత తెలిసింది. వెంటనే తిరిగి ఇచ్చినా ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అప్పటి నుంచి ఏ వస్తువు తీసుకున్నా అది ఎవరిదో, దేనికోసం ఉంచినదో అడిగే తీసుకుంటున్నాను.

చేసిన వెంటనే "ఇంగోసారి చెయ్యి" అంటారు. చేయకండి. మొదటిసారి ఏమి జరుగుతుందో తెలియక ముఖం చూసినవారు రెండోసారి చేతులనే చూస్తారు. ఇప్పుడైతే ఫోను కూడా తీస్తారు, వీడియోను నెమ్మదిగా నడిపి ఆ రాత్రే గ్రూపులో పెడతారు. దీనికొక మినహాయింపు ఉంది. ఏ ట్రిక్కునైనా మూడుసార్లు చూస్తే గుట్టు చెప్పగలనని చాటుకునే ప్రఖ్యాత అమెరికా ఇంద్రజాలికుడు హూడినీకి 1922లో చికాగోలో డై వెర్నన్ అనే మరో ఇంద్రజాలికుడు ఒక పేక ట్రిక్కు చూపాడు. కట్టలో పై నుంచి రెండోదిగా పెట్టిన ముక్క ప్రతిసారీ పైకే వస్తుంది. మూడుసార్లు దాటి ఎన్నిసార్లు చూసినా హూడినీ అది పట్టుకోలేకపోయాడు. మళ్ళీ మళ్ళీ జరగడమే ఆ ట్రిక్కులోని వింత కనుక అక్కడ పునరావృతి బలమైంది. మీ రబ్బరు బ్యాండుకు ఆ బలం లేదు.

మనసులోని మాట చెప్పే ట్రిక్కుల విషయంలో ఇంకాస్త నిజాయితీ అవసరం. చూసినవారిలో ఎవరైనా పక్కకు పిలిచి, తప్పిపోయిన నగ గురించో కూతురి సంబంధం గురించో అడిగితే, ఇది చేతి నేర్పే తప్ప శక్తి కాదని అక్కడికక్కడే చెప్పండి. ట్రిక్కు ఎలా చేశారో చెప్పనక్కరలేదు.

ఎంత సాధన చేసినా ఏదో ఒక రోజు బిళ్ళ జారి నేల మీద గణగణమంటుంది. అప్పుడు అదంతా ట్రిక్కులో భాగమేనని బుకాయించకండి, ఇంకొకటి చేసి పరువు నిలుపుకోవాలని చూడకండి. అందరితోపాటు నవ్వి, బిళ్ళను తుడిచి సొంతదారు చేతిలో పెట్టి, ఆ పూట టీ డబ్బులు మీరే ఇవ్వండి.