నష్టం చూపిస్తున్న లైన్‌ని మూసేద్దామా? ముందు ఏ ఖర్చు ఆగుతుందో చూడండి

సమస్య

నెలాఖరుకి లైన్ల వారీగా, అంటే స్వీట్లు, బేకరీ లాంటి ఒక్కో సరుకు రకం వారీగా, లెక్క తీస్తారు. ఒకదాని కింద మైనస్ కనిపిస్తుంది. రెండు మూడు నెలలు అదే మైనస్ వస్తే ఓనరుకి టెన్షన్ మొదలవుతుంది, "ఇంక ఇది తీసేద్దాం సార్" అంటారు. విశాఖ డాబాగార్డెన్స్‌లో మా ఆఫీసుకి గాజువాక నుంచి, మధురవాడ నుంచి, ఆటోనగర్ నుంచి ఈ మాటతోనే వస్తుంటారు. చాలామంది అప్పటికే సగం నిర్ణయం తీసుకుని ఉంటారు. ఒకరిద్దరైతే వంట మాస్టర్‌కి "వచ్చే నెల నుంచి రావద్దు" అని చెప్పేసి మరీ వచ్చారు.

వేరియబుల్ ఖర్చు అంటే అమ్మకంతో పాటు పెరిగి తగ్గేది, ఫిక్స్‌డ్ ఖర్చు అంటే అమ్మకం ఎంతున్నా పెద్దగా మారనిది.

మొదటి చెక్: ఉమ్మడి ఖర్చు పంపకం

పది కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. అయినా దీన్నే వదిలేస్తారు.

స్వీట్లు, హాట్లు, బేకరీ అమ్మే ఒక షాపు అనుకుందాం. నెలకి మొత్తం అమ్మకం 12 లక్షలు. అందులో బేకరీ 3 లక్షలు. మైదా, డాల్డా, గుడ్లు, అట్టపెట్టెలు, గ్యాస్ లాంటి వేరియబుల్ ఖర్చు 2,10,000 పోగా మిగిలేది, అంటే బేకరీ కాంట్రిబ్యూషన్, 90,000. బేకరీకే చెందిన ఫిక్స్‌డ్ ఖర్చు 40,000. ఇక్కడిదాకా 50,000 మిగులు. ఇప్పుడు షాపు అద్దె, మేనేజర్ జీతం, కౌంటర్ స్టాఫ్ అన్నీ కలిపి 2,40,000 ఉంటే, దాన్ని అమ్మకాల నిష్పత్తిలో పంచుతారు. బేకరీ వాటాకి 60,000 పడుతుంది. అంతే, 10,000 నష్టం.

బేకరీ మూసేస్తే ఆ 60,000 ఎక్కడికీ పోదు. షాపు అద్దె తగ్గదు, మేనేజర్ జీతం తగ్గదు. అది స్వీట్ల మీదా హాట్ల మీదా పడుతుంది. ముందు షాపు మొత్తం లాభం 95,000 అయితే, మూసేశాక 45,000. పదివేలు మిగుల్చుకుందామని ఏభైవేలు పోగొట్టుకున్నట్టు. పైగా కొత్త పంపకంలో స్వీట్లు, హాట్లు కూడా నీరసంగా కనబడతాయి. ఆరు నెలల తర్వాత అదే ఓనరు "హాట్లు కూడా గిట్టుబాటు కావట్లేదండి" అంటూ వస్తారు. ఇలా ఒక్కొక్కటే తీసేసుకుంటూ మంచి షాపు మూతపడే స్థితికి వచ్చింది చూశాను.

అలాగని పంపకం తప్పు అనను. సరుకు నిల్వకి విలువ కట్టేటప్పుడు తయారీ తాలూకు ఫిక్స్‌డ్ ఖర్చుల్ని (ఓవర్‌హెడ్‌ని) కూడా కలపాలని అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్-2 చెబుతుంది. అందుకోసం చేసిన పంపకాన్ని మూసివేత నిర్ణయానికి వాడుకోకూడదు, అంతే. ఈ నిర్ణయం కోసం వేరే కాగితం తీసుకోండి. ఉమ్మడి ఖర్చుని ఏ లైనుకీ వేయకుండా అడుగున ఒకే వరుసలో రాయండి.

అసలు దొంగ: "సొంత" ఖర్చు అని రాసి ఉన్నది

పై చెక్ చేసినా తప్పు జరుగుతుంది. నాకు జరిగింది. అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట కంచరపాలెం వైపు ఒక స్వీటు షాపు. ఉమ్మడి ఖర్చంతా పక్కన పెట్టి, శుభ్రంగా లెక్క కట్టాను. బేకరీ కాంట్రిబ్యూషన్ 70,000. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో బేకరీ కాస్ట్ సెంటర్ (ఆ లైన్ ఖర్చులు విడిగా రాసే పద్దు) కింద ఉన్న సొంత ఫిక్స్‌డ్ ఖర్చు 85,000: మాస్టర్, ఇద్దరు హెల్పర్ల జీతం 46,000, కరెంటు 18,000, ఓవెన్ మీదా మిక్సర్ మీదా తరుగుదల (కొన్న ధరని ఏళ్ల మీద పంచి రాసే ఖర్చు) 21,000. ఉమ్మడి ఖర్చు ఒక్క రూపాయి కూడా వేయకుండానే 15,000 నష్టం. మూసేయమని నేనే చెప్పాను. వాళ్లు మూసేశారు.

మూడు నెలల తర్వాత ఓనరు ఫోన్ చేశారు. "మూసేశాం కదా సార్, చేతిలో డబ్బు ఇంకా తగ్గింది, ఎందుకు?" అన్నారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి వాళ్ల వంటగదికి వెళ్లాను.

బేకరీ హెల్పర్లు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఒకతను వేయించిన కాజాల్ని జల్లెడగరిటెతో తీసి పాకంలో వేస్తున్నాడు, రెండో అతను మైసూర్‌పాక్ ట్రేలు తుడిచి నెయ్యి రాస్తున్నాడు. "ఈ పని ఎప్పటి నుంచి చేస్తున్నారు బాబూ?" అని అడిగాను. "మొదట్నించీ అండి. పొద్దున తొమ్మిది దాకా స్వీట్ల పనే, ఆ తర్వాతే ఓవెన్ దగ్గరికి వెళ్లేవాళ్లం" అన్నాడు. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో బేకరీ కింద ఉన్నాయి కాబట్టి జీతమంతా బేకరీ మీద పడింది. బేకరీ పోయినా వాళ్లు లేకపోతే స్వీట్లు నడవవు. మాస్టర్ ఒక్కరే వెళ్లారు, ఆగింది 24,000.

కరెంటు సంగతీ అంతే. ఎప్పుడో ఒక అకౌంటెంట్ కుర్రాడు బిల్లుని అంచనా మీద సగం బేకరీకి వేశాడు, ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఓవెన్ నడిచేది గ్యాస్ మీద. బిల్లులో పెద్ద భాగం పాల స్వీట్ల కోసం రోజంతా నడిచే కోల్డ్ రూముది. ఓవెన్ గది కట్టేశాక బిల్లు తగ్గింది 7,000 మాత్రమే. తరుగుదల విషయానికొస్తే, ఓవెన్ కొన్న డబ్బు ఎప్పుడో వెళ్లిపోయింది. నెలనెలా చేతిలోంచి ఏమీ పోవడం లేదు, కాబట్టి ఆగడానికి అక్కడ ఏమీ లేదు.

అంటే 85,000లో నిజంగా ఆగింది 31,000. పోయిన కాంట్రిబ్యూషన్ 70,000. నెలకి 39,000 నష్టం, నా సలహా వల్ల. మాస్టర్‌ని మళ్లీ పిలిచి బేకరీ తెరిచే సరికి ఇంకో రెండు నెలలు పట్టింది.

పరిష్కారం

లెడ్జర్‌లో ఏ పేరు కింద ఉందో చూసి ఆగకండి. ప్రతి ఖర్చు ఎదురుగా ఓనరుని కూర్చోబెట్టి అడగండి: "ఈ లైన్ ఈ నెలాఖరుకి ఆపేస్తే, వచ్చే నెల ఈ డబ్బు కట్టడం మానేస్తారా?" మానేస్తామంటే ఆగే ఖర్చు. "అది ఎలాగూ కట్టాలి కదండీ" అంటే కొట్టేయండి. "కొంత తగ్గుతుంది" అంటే ఎంతో రాయించండి, దానికి ఆధారం చూపించమనండి.

జీతాల దగ్గర రిజిస్టర్‌ని నమ్మకండి. ఒక రోజు పొద్దున వెళ్లి నిలబడి చూడండి, ఎవరి చేతులు ఏ పనిలో ఉన్నాయో. కరెంటుకి సబ్ మీటర్ ఉంటే మంచిదే. లేకపోతే ఆ లైన్ సెలవులో ఉన్న వారం రీడింగ్ తీసుకోండి. బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ (కనెక్షన్‌కి మంజూరైన సామర్థ్యం) మీద పడే ఫిక్స్‌డ్ చార్జీ ఓవెన్ ఆపినంత మాత్రాన తగ్గదు, లోడ్ తగ్గించమని కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టి మంజూరైతేనే తగ్గుతుంది. గది అద్దెకి అగ్రిమెంట్ తీసి లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని గడువు) ఎప్పటిదాకా ఉందో చదవండి.

మూసివేతకి ఒకసారి అయ్యే ఖర్చు కూడా ఉంటుంది. ఏడాది నిండిన వర్కర్‌ని తీసేస్తే సర్వీసులోని ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం లెక్క వేసుకోవాలి. దాన్ని నెలవారీ లెక్కలో కలపకండి, పక్కన విడిగా రాయండి.

చివరికి ఒకే పోలిక: పోయే కాంట్రిబ్యూషన్ ఎక్కువా, ఆగే ఖర్చు ఎక్కువా? పోయేది ఎక్కువైతే లైన్ ఉంచండి. ఖాళీ అయ్యే గదిలో ఇంకేదైనా పెట్టి, ఆ తేడా కంటే ఎక్కువ సంపాదించగలిగితే అప్పుడు మూసేయడం సబబే. కానీ ఆ ఇంకేదో పేరూ అంకే కాగితం మీద ఉండాలి. "ఏదో ఒకటి పెడతాం" అంటే సున్నా కింద లెక్క.

పక్క లైన్ల మీద దెబ్బ

పుట్టినరోజు కేకు కోసం వచ్చినావిడ అరకేజీ మిక్చరు, పావుకేజీ కోవా కూడా కట్టించుకుని వెళ్తుంది. కేకు లేకపోతే ఆవిడ వేరే షాపుకి వెళ్తుంది. బిల్లింగ్ మెషిన్‌లోంచి ఒక నెల బిల్లులు తీసి, కేకు ఉన్న బిల్లుల్లో మిగతా సరుకు ఎంతో కూడండి. అదంతా పోతుందని కాదు, కొంత పోతుంది. ఆ కొంత మీద కాంట్రిబ్యూషన్‌ని కూడా పోయే వైపే రాయండి.

అరుదైనవి

కాంట్రిబ్యూషనే మైనస్ అయితే, అంటే సరుకు ఖర్చు కంటే తక్కువకి అమ్ముతుంటే, రేటు పెంచండి. పెంచలేకపోతే ఆపేయండి, ఇంత లెక్క అక్కర్లేదు.

తుపాను నెల అంకెలతో నిర్ణయం తీసుకోకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఫ్రీజర్లలో సరుకు పాడైంది. ఆ నెల చూస్తే ఊళ్లో ఏ ఐస్‌క్రీం లైనూ బతికేది కాదు. అలాంటి నెలని తీసేసి ఏడాది సగటు చూడండి.

బ్రాంచిల మధ్య సరుకు పంపే రేటు తప్పుగా ఉండటం, నిల్వ లెక్క తేడా రావడం లాంటివి చిన్న షాపుల్లో నాకు ఒకటి రెండుసార్లకి మించి ఎదురవలేదు.

పరికరం మీద బ్యాంకు లోన్ ఇంకా ఉంటే లైన్ మూసినా వాయిదా కట్టాలి కాబట్టి ఇప్పుడది ఆగే ఖర్చు కాదు. ఓవెన్‌ని అమ్మి లోన్ తీర్చే ఆలోచన ఉంటే, పూర్ణామార్కెట్ చుట్టుపక్కల పాత సామాను కొనే ఇద్దరు ముగ్గుర్ని రేటు అడిగి రాసుకోండి. ఆ రేటు వచ్చాక, గది లీజు రెన్యువల్‌కి రెండు నెలల ముందు, ఇదే కాగితం మళ్లీ మొదట్నించీ వేయండి. అద్దె అప్పటికి ఆగే ఖర్చుల వైపుకి మారుతుంది, జవాబు కూడా మారొచ్చు.