సీట్ బెల్ట్‌లో తేడా: ఇంట్లో సరిచేసుకునేది ఏది, రీకాల్‌కి వెళ్లాల్సింది ఏది?

బెల్ట్ మొరాయిస్తే నాలుగుసార్లు గట్టిగా గుంజి, పని జరిగితే చాలనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. దయచేసి అలా వదిలేయకండి.

లాగితే రావట్లేదు
చాలాసార్లు ఇది లోపం కాదు. బండి ఏటవాలులో ఉన్నా, బెల్ట్‌ని ఒక్కసారిగా లాగినా, అది చుట్టుకునే రీలు లాక్ అవుతుంది, దాని పనే అది. కాస్త లోపలికి వదిలి నెమ్మదిగా లాగండి. చదునైన చోట కూడా రాకపోతే రీలు మార్చాలి. నిజానికి భయపడాల్సింది ఎంత గట్టిగా గుంజినా ఆగకుండా వచ్చేసే బెల్ట్‌ గురించి, కానీ దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు.

వెనక్కి సరిగ్గా చుట్టుకోవట్లేదు
కారణం చెమట, దుమ్ము. బెల్ట్ మొత్తం బయటికి లాగి క్లిప్పు పెట్టి, సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే వదలండి. భుజం దగ్గరి రింగుని కూడా తుడవండి. రీలులో నూనె వేయొద్దు, బ్లీచ్ అసలే వద్దు.

క్లిక్ అనట్లేదు, లేదా పెట్టాక ఊడొస్తోంది
బకిల్‌లో చిల్లర, బిస్కెట్ ముక్కలు పడి ఉంటాయి, వాక్యూమ్ పెట్టి చూడండి. అయినా అంతే అయితే బకిల్ మార్చేవరకు ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టొద్దు.

ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగే ఉంటోంది
ప్రమాదంలో బెల్ట్‌ని క్షణంలో బిగించే ప్రీటెన్షనర్ కూడా ఈ వ్యవస్థలోదే. సీటు కింద పసుపు కనెక్టర్లను మీరు కదపొద్దు, వీధి మెకానిక్‌ని కూడా కదపనివ్వొద్దు.

పైకి ఏ తేడా లేదు, కానీ రీకాల్ ఉంది
రీకాల్ అంటే లోపం ఉండొచ్చని అనుమానమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం. అసలు టెన్షన్ పడాల్సింది ఇక్కడే, ఎందుకంటే లక్షణం కనిపించదు. 2022 డిసెంబర్‌లో మారుతి సుజుకి 9,125 కార్లను వెనక్కి పిలిచింది. సియాజ్, బ్రెజా, ఎర్టిగా, ఎక్స్ఎల్6, గ్రాండ్ విటారాల్లో ముందు బెల్ట్‌ని భుజం దగ్గర ఎత్తు సర్దే భాగంలో లోపం ఉండొచ్చని, అరుదుగా బెల్ట్ విడిపోవచ్చని చెప్పింది. 2023 జనవరిలో 11,177 గ్రాండ్ విటారాల వంతు వచ్చింది, వెనక బెల్ట్ బిగించే బ్రాకెట్లు కాలక్రమంలో వదులవ్వొచ్చని. అదే నెలలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ అనుమానంతో 17,362 కార్లను పిలిచినప్పుడైతే, ఎయిర్‌బ్యాగులతో పాటు ప్రీటెన్షనర్లు కూడా పనిచేయకపోవచ్చు కాబట్టి, భాగం మార్చేదాకా బండి నడపొద్దనే చెప్పారు.

పరిష్కారం: ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, లేదా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. రీకాల్‌లో ఉంటే భాగం, కూలీ రెండూ ఉచితం, వారంటీ అయిపోయిందంటే ఒప్పుకోవద్దు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇది తప్పకుండా చేయాలి, ఎందుకంటే కంపెనీ రికార్డుల్లో ఇంకా మొదటి ఓనర్ ఫోన్ నంబరే ఉంటే కబురు ఆయనకే వెళ్తుంది, మీకు రాదు.

మీ మోడల్‌కి రీకాల్ లేదు, అయినా కొత్త బండిలో అదే లోపం మళ్లీ మళ్లీ వస్తోందా? 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రీకాల్‌కి ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చింది, ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు బండి అయితే పరివాహన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఎక్కువమంది పెడితేనే అది ఒక్కరి గోడు కాదని తేలుతుంది.

పని అయ్యాక జాబ్ కార్డులో రీకాల్ పేరు, మార్చిన భాగం పేరు రాయించుకుని, బండి అమ్మేటప్పుడు ఆ కాగితం కొన్నవాళ్ల చేతికివ్వండి.