అన్నిటికీ ‘అసెస్’ అంటే వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

తెలుగులో ‘అంచనా’ ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది. వరద నష్టం అంచనా, ఇల్లు కట్టే ఖర్చు అంచనా, పంట దిగుబడి అంచనా, కొత్తగా చేరిన కుర్రాడి మీద మేనేజరు అంచనా. ఇంగ్లీషులో రాయాల్సి వచ్చేసరికి ఈ నాలుగింటికీ ‘అసెస్’ రాసేస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మాట ఎంచుకునే ముందు ఒక్కటి తేల్చుకోవాలి: పని అయ్యాక చేతికి ఏమొస్తుంది? సుమారు అంకె వస్తే ఎస్టిమేట్. ధర వస్తే వాల్యూ లేదా అప్రైజ్. తరగతి వస్తే గ్రేడ్. పదికి ఇన్ని అనో, ఇన్ని స్టార్లనో వస్తే రేట్. ‘ఇది పనికొచ్చిందా, పెట్టిన డబ్బుకు ఫలితం దక్కిందా’ అన్న తీర్పు వస్తే ఎవాల్యుయేట్. పరిస్థితి ఎలా ఉంది, ఎంత తీవ్రంగా ఉంది అన్నది తెలిస్తే అసెస్. కింది సమస్యల్లో చాలావరకు ఈ ఒక్క ప్రశ్నతోనే తీరతాయి.

సమస్య: మెయిల్ పంపాక అవతలివాళ్లు ‘ఇంతకీ మీకేం కావాలి?’ అని తిరిగి అడుగుతున్నారు

కారణం: ‘ప్లీజ్ అసెస్ ద రూఫ్’ అని రాస్తే ఒక ఇంజినీరు పగుళ్ల జాబితా పంపుతాడు, ఇంకొకాయన మరమ్మతు ఖర్చు లెక్కేసి పంపుతాడు. ఎవరిదీ తప్పు కాదు, అడిగిన తీరే అస్పష్టం.

పరిష్కారం: శ్లాబు ఎలా ఉందో తెలియాలంటే ‘అసెస్ ద కండిషన్ ఆఫ్ ద రూఫ్’. ఖర్చు కావాలంటే ‘ఎస్టిమేట్ ద కాస్ట్ ఆఫ్ రిపేర్స్’. వాటర్‌ప్రూఫింగ్ పద్ధతులు రెండింట్లో ఏది మేలో తేల్చాలంటే ‘ఎవాల్యుయేట్ ద టూ మెథడ్స్’. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పటిలాంటి సందర్భాన్నే తీసుకోండి. ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి, గోడలు, వైరింగు, సామాన్లు ఏ స్థితిలో ఉన్నాయి అని చూడటం అసెస్. చూశాక ‘మొత్తం మీద ఇన్ని లక్షలు’ అనడం ఎస్టిమేట్. రిపోర్టులో రెండూ ఉంటే రెండు వేర్వేరు వాక్యాలు రాయాలి, లేకపోతే చూడకుండానే అంకె వేశారన్న అనుమానం వస్తుంది.

సమస్య: మిర్చి నాణ్యత రిపోర్టును కొనేవాళ్లు ప్రశ్నిస్తున్నారు

గుంటూరులో ఈ పొరపాటుకు నేరుగా డబ్బుతో ముడి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. యార్డులో వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి రంగు, తేమ, తాలు (రంగు పోయిన నాసి కాయలు) చూస్తాడు. అది అసెస్: అనుభవమున్న కన్ను, చేయి చెప్పే మాట. తాలు కాయల్ని ఏరి వేరు చేయడం సార్టింగ్. మేలు సరుకు, మధ్యస్థం సరుకు అని విడదీయడం గ్రేడింగ్. రంగును ఆస్టా యూనిట్లలో, ఘాటును స్కోవిల్ యూనిట్లలో చెప్పేది మాత్రం ల్యాబు పరికరం. దానికి వాడాల్సింది మెజర్. ‘అసెస్డ్ ఎట్ 80 ఆస్టా’ అని రాస్తే పరికరంతో కొలిచారా, చూసి చెప్పారా అన్న సందేహం మిగులుతుంది. ‘మెజర్డ్ ఎట్ 80 ఆస్టా’ అని రాసి, పక్కనే ల్యాబు పేరు, తేదీ ఇవ్వండి.

ఈ కొలతలన్నీ, పురుగుమందుల అవశేషాలు, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల చేరే విషం)తో సహా, దగ్గర పెట్టుకుని ఎగుమతికి తగునా తగదా అని తేల్చడం ఎవాల్యుయేషన్. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబును ‘క్వాలిటీ ఎవాల్యుయేషన్ ల్యాబొరేటరీ’ అనడంలో ఔచిత్యం అదే. ఇంకో తప్పు కూడా తరచుగా కనిపిస్తుంది: గ్రేడ్ అన్న గడిలో తేజ, 334 అని రాయడం. అవి రకాలు. వాటిని వెరైటీ అన్న గడిలో రాయాలి. తేజలోనూ మేలు సరుకు ఉంటుంది, తాలూ ఉంటుంది.

సమస్య: పన్ను కాగితాల్లో పై సూత్రం పనిచేయడం లేదు

నిజమే, ఇక్కడ అసెస్ అంటేనే అంకె తేల్చడం. ఈ మాటకు మూలమైన లాటిన్ క్రియకు ‘పక్కన కూర్చోవడం’ అని అర్థం. న్యాయాధికారి పక్కన కూర్చునే సహాయకుడి నుంచి పన్ను తేల్చే అధికారి వరకు వచ్చిన మాట ఇది. అందుకే పన్ను విషయంలో అసెస్ చేసిన మొత్తం ఉజ్జాయింపు కాదు, అధికారికంగా నిర్ణయించినది. తేల్చేవాడు అసెసర్, కట్టాల్సినవాడు అసెసీ. ఈ రెండూ తారుమారైతే దరఖాస్తు అర్థమే మారిపోతుంది.

ఇంటి పన్ను బిల్లు మీద ఉండే అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు ఒకటి కావు. మొదటిది ఆ ఆస్తికి మున్సిపాలిటీ ఇచ్చిన పన్ను ఖాతా నంబరు. ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు అది అడిగిన గడిలో డోర్ నంబరు వేస్తే వివరాలు రావు. ఆదాయపు పన్నులో అసెస్‌మెంట్ ఇయర్ అంటే సంపాదించిన ఏడాది కాదు, దాని తర్వాతది: 2024-25 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త చట్టంలో దీని స్థానంలో ‘ట్యాక్స్ ఇయర్’ వస్తుంది, పాత ఏళ్ల కాగితాల్లో మాత్రం పాత పేరే.

సమస్య: విదేశీ యూనివర్సిటీకి రాసిన లేఖలో ‘పేపర్ వాల్యుయేషన్’ అర్థం కాలేదు

మన దగ్గర జవాబు పత్రాలు దిద్దడాన్ని వాల్యుయేషన్ అంటాం. బయట అది ఆస్తికో కంపెనీకో విలువ కట్టడం. బ్రిటన్‌కు రాస్తే మార్కింగ్, అమెరికాకు రాస్తే గ్రేడింగ్ అనండి. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల్ని మళ్లీ కూడటం, రీవాల్యుయేషన్ అంటే జవాబుల్ని మళ్లీ దిద్దడం. ఒకదానికి ఫీజు కట్టి రెండోది ఆశించకండి.

పిల్లల ప్రోగ్రెస్ కార్డులో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ చదువు నడుస్తుండగా ఎక్కడ వెనకబడ్డారో చూసేది. తెలుగులో దీన్ని మదింపు అంటున్నారు. మూల్యాంకనం అంటే ఎవాల్యుయేషన్.

సమస్య: వాక్యం చివర ‘అబౌట్’ తగులుకుంటోంది

‘దాని గురించి అంచనా వేశాం’ అనే తెలుగు వాక్యంలోని ‘గురించి’ ఇంగ్లీషులోకి దూరిపోవడమే కారణం. అసెస్, ఎవాల్యుయేట్, రివ్యూ మూడింటికీ అబౌట్ అక్కర్లేదు: ‘వి రివ్యూడ్ ద ప్లాన్’. అంకె చెప్పేటప్పుడు ఎస్టిమేట్ తర్వాత ‘దట్’ వస్తుంది. అసెస్ తర్వాత ‘వెదర్’ (అవునా కాదా), ‘హౌ’ (ఎలా) బాగా అతుకుతాయి. ఖర్చు లెక్క కాగితాన్ని అడిగేటప్పుడు ‘ఎస్టిమేషన్ పంపండి’ అనకుండా ఎస్టిమేట్ అనండి. క్రియగా ‘ఎస్టిమేట్’ అని దీర్ఘంగా, నామవాచకంగా ‘ఎస్టిమిట్’ అని పొట్టిగా పలకాలి.

సమస్య: స్పెల్ చెక్ చేసినా తప్పు మిగిలిపోతోంది

యాక్సెస్, అసెస్ రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటరు ఎర్రగీత గీయకపోవచ్చు. ‘ఐ నీడ్ అసెస్ టు ద ఫైల్’ అలాగే వెళ్లిపోతుంది. యాక్సెస్‌లో మొదటి అక్షరం మీద ఊనిక, అసెస్‌లో ‘సెస్’ మీద. అసెస్ స్పెల్లింగు ఏ, డబుల్ ఎస్, ఈ, డబుల్ ఎస్. అప్రైజ్‌కూ ఇదే ఇబ్బంది. బ్యాంకులో తాకట్టు బంగారానికి విలువ కట్టే అప్రైజర్ మాటలో రెండు ‘పీ’ల తర్వాత ఆర్, ఏ, ఐ ఉంటాయి. ‘విషయం తెలియజేయండి’ అనే అప్రైజ్‌లో ఆ ఏ ఉండదు. పై అధికారికి ‘ప్లీజ్ అప్రైజ్ మీ’ అని పంపే ముందు ఆ ఏ ఒక్కటి చూసుకోండి. ఉంటే, ‘నాకు విలువ కట్టండి’ అని అడిగినట్టవుతుంది.